గది సర్దితే పాట సర్దుకుంటుంది

ఇల్లన్నాక నాలుగు నోళ్ళుంటాయి, నాలుగు రుచులుంటాయి. ఒకరికి కారం కావాలి, ఒకరికి పులుపు పడదు. అందరికీ సరిపడేలా వండటం మనకేం కొత్త కాదు. కానీ ఇంట్లో నాలుగు జతల చెవులు కూడా ఉంటాయన్న సంగతి అంతగా పట్టించుకోం.

హాల్లో పెద్ద టీవీ పెట్టాం. దాని కింద సౌండ్ బార్ అమర్చాం. పిల్లలు మరో బ్లూటూత్ స్పీకర్ తెచ్చారు. ఖర్చు బాగానే అయింది. తీరా చూస్తే దడదడలే గాని మాట తెలియదు. అత్తయ్యగారు "ఏమన్నాడమ్మా?" అని అడుగుతూనే ఉంటారు. సౌండు పెంచితే పిల్లాడికి చదువు సాగదు. తగ్గిస్తే పెద్దావిడకు సీరియల్ అర్థం కాదు. పక్కవాటా వాళ్ళు గోడ తడతారు. చివరికి "ఈ సెట్టే బాగాలేదు, మార్చేద్దాం" అనే మాట వస్తుంది.

ఒక్క క్షణం ఆగండి. వేలకు వేలు పోసి మరో సెట్టు కొనేముందు, ఉన్నదాన్ని సరిచేసుకునే మార్గం మీ చేతుల్లోనే ఉంది. సగం పని గదిని సర్దడంలో ఉంది. మిగతా సగం ఈక్వలైజర్ అనే చిన్న ఏర్పాటులో ఉంది. ఈ రెండూ ఇంటిని ఎరిగిన మనిషి చేయాల్సిన పనులే. ఏ కుర్చీలో ఎవరు కూర్చుంటారో, ఎవరికి ఎంత వినపడుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు చెప్పండి?

ఇంతకీ ఈక్వలైజర్ అంటే?

1980లు, 90లలో ఇళ్ళలో ఉండే టూ ఇన్ వన్‌లు, టేప్ డెక్‌లు గుర్తున్నాయా? చాలావాటి ముందుభాగాన వరసగా ఐదో, ఏడో, పదో చిన్న మీటలు ఉండేవి. పైకీ కిందకీ జరిపేవాళ్ళం. పిల్లలు వాటిని కొండలాగా ఒకసారి, లోయలాగా ఒకసారి అమర్చి ఆనందించేవాళ్ళే గాని, అవి దేనికో చాలామందికి తెలియదు. ఆ మీటల వరసే ఈక్వలైజర్. ఇప్పుడది టీవీ సెట్టింగులలో, ఫోనులో, స్పీకర్‌తో వచ్చే ఆప్‌లో దాగి ఉంటోంది.

ఈ పేరు టెలిఫోన్ వాళ్ళ దగ్గర నుంచి వచ్చింది. పొడవైన తీగల గుండా ప్రయాణం చేసేసరికి గొంతులోని సన్నని స్వరాలు నీరసించిపోయేవి. అలా తగ్గినదాన్ని తిరిగి సమానం చేసే ఏర్పాటుకు ఈక్వలైజర్ అని పేరు పెట్టారు. అంటే సమానం చేసేది అన్నమాట. కాబట్టి దాని పని చెడినదాన్ని చక్కదిద్దడమే. లేని రుచిని తెచ్చిపెట్టడం దాని పని కాదు.

మీటల కింద 62, 125, 250, 1 కె, 4 కె అనే అంకెలు ఉంటాయి. స్పీకర్ సెకనుకు ఎన్నిసార్లు అదురుతుందో చెప్పే లెక్క అది. హెర్ట్జ్ అంటారు. అంకె చిన్నదైతే బరువైన ధ్వని, పెద్దదైతే సన్నని ధ్వని. కె అంటే వెయ్యి. ఆరోగ్యంగా ఉన్న చిన్నవయసు చెవి 20 నుంచి 20,000 వరకు వినగలదు. వయసు పెరిగేకొద్దీ పైఅంకెలు ఒక్కొక్కటే చేజారిపోతుంటాయి.

తప్పు చాలాసార్లు గదిదే

కొట్టులో విన్నప్పుడు ఎంతో బాగున్న స్పీకర్ ఇంటికొచ్చాక ఎందుకు మారిపోతుంది? స్పీకర్ మారలేదు, గది మారింది. మనం వినేది స్పీకర్ నుంచి నేరుగా వచ్చే ధ్వని ఒక్కటే కాదు. నేల, గోడలు, సీలింగు, అద్దాల కిటికీలు తిప్పికొట్టిన ధ్వని కూడా దాంతో కలిసి చెవిని చేరుతుంది. ఇప్పటి ఇళ్ళలో నేల మీద నున్నటి టైల్స్, సిమెంటు గోడలు, పైన స్లాబు. ధ్వనిని పీల్చుకునేది ఏదీ ఉండదు. బంతి కొట్టినట్టు అటూ ఇటూ ఎగురుతూనే ఉంటుంది.

ఈ సంగతిని మొదట లెక్కకట్టి చూపించినవాడు వాలెస్ సబైన్ అనే అమెరికన్ ప్రొఫెసర్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఫాగ్ మ్యూజియంలో కొత్తగా కట్టిన ఉపన్యాసాల హాలులో ఒక్క మాటా అర్థమయ్యేది కాదు. ఒక పదం పలికితే దాని మోత 5 సెకన్లకు పైగా నిలిచి ఉండేది. ఈలోగా మరో పన్నెండు, పదిహేను అక్షరాలు వచ్చి దానిమీద పడేవి. సబైన్ ఏం చేశాడో తెలుసా? పక్కనే ఉన్న సాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు తెప్పించాడు. రాత్రివేళ ఊరు సద్దుమణిగాక వాటిని హాల్లో పరిచి, ఆర్గన్ గొట్టం మోగించి, ఆ మోత ఎంతసేపటికి ఆగుతుందో స్టాప్‌వాచ్‌తో చూశాడు. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గింది. ఆ లెక్కల ఆధారంతోనే బోస్టన్ నగరంలో సింఫనీ హాలు కట్టారు. 1900లో తెరిచిన ఆ హాలు నేటికీ సంగీతానికి పేరుమోసింది.

చూశారా, ధ్వనిశాస్త్రం మొదలైంది కుర్చీ మెత్తలతో! మన ఇంట్లో పరుపులు, బొంతలు, దిండ్లు చేసే పనీ అదే.

చప్పట్లు కొట్టి చూడండి

టీవీ కట్టేసి, ఫ్యాను ఆపి, హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు టక్కున ఆగిపోతే గది మంచిదే. "ట్రింగ్" మంటూ సాగినా, రేకు మోగినట్టు అనిపించినా గోడలు ఖాళీగా ఉన్నాయని అర్థం. ఇలాంటి గదిలో ఈక్వలైజర్ మీటలు ఎంత తిప్పినా ఆ మోత పోదు. అడుగంటిన కూరలో ఉప్పు సరిచేసినట్టే ఉంటుంది. ముందు గదిని ఇలా సర్దుకోండి.

* స్పీకర్‌కీ మీకూ మధ్య నేల మీద మందపాటి కార్పెట్ గాని, రెండు మడతలు వేసిన జంపఖానా గాని పరవండి.

* కిటికీకి పల్చటి తెర బదులు మందమైన కర్టెన్ వేయండి. వెడల్పుకు రెట్టింపు గుడ్డ తీసుకుని కుచ్చులు బాగా వచ్చేలా వేలాడదీస్తే ఎక్కువ పీల్చుకుంటుంది. గోడకు నాలుగైదు అంగుళాల ఎడం ఉంటే ఇంకా మంచిది.

* టీవీకి ఎదురుగోడ ఖాళీగా ఉంటే పుస్తకాల అలమర పెట్టండి. ఎత్తుపల్లాలుగా ఉన్న పుస్తకాల వరస ధ్వనిని చెల్లాచెదురు చేస్తుంది.

* గుడ్డలూ తివాచీలూ సన్నని ధ్వనుల్నే పీల్చుకుంటాయి. బరువైన దడదడకు మందం కావాలి. అతిథుల కోసం దాచే దూదిపరుపులు ఉంటే వాటిని గది మూలలో నిలబెట్టి పైన మంచి దుప్పటి కప్పండి. చోటూ కలిసొస్తుంది, మూలలో పేరుకునే మోతా కొంత తగ్గుతుంది.

* సౌండ్ బార్‌ను షోకేస్ అరలోకి లోపలికి తోసి పెట్టకండి. అర కూడా దాంతోపాటు మోగుతుంది. అర అంచుకు ముందుకు లాగండి.

* షోకేస్ అద్దం, స్టీలు అలమర తలుపు, గోడకున్న ఫొటో ఫ్రేము పాటతోపాటు జరజరలాడుతుంటే సందులో కాగితం మడతపెట్టి బిగించండి. స్పీకర్ చెడిపోయిందనుకుని మెకానిక్‌ను పిలిచే ముందు ఇది తప్పక చూడాలి.

సోఫాను గోడకు అంటించారా?

మన హాళ్ళలో సోఫాలన్నీ గోడను ఆనుకునే ఉంటాయి. చోటు కలిసిరావాలంటే తప్పదు. కానీ బరువైన ధ్వని గోడల దగ్గరా, మూలల్లోనూ పోగవుతుంది. అక్కడ కూర్చున్నవాళ్ళకు దడదడ ఎక్కువగా వినిపిస్తుంది. గది సరిగ్గా నడిమధ్య కూర్చుంటే అదే ధ్వని బాగా తగ్గిపోవచ్చు. సోఫాను గోడ నుంచి అడుగో, అడుగున్నరో ముందుకు జరిపి చూడండి. పైసా ఖర్చు లేదు, తేడా మాత్రం చెవికి తెలుస్తుంది. స్పీకర్‌నైనా అంతే. మూలలో ఉంటే మోత ఎక్కువ. మూల నుంచి బయటకు లాగితే మోత తగ్గుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క. గదికి కూడా తనదంటూ ఒక స్వరం ఉంటుంది. 565ని గది పొడవుతో, అడుగుల్లో, భాగించండి. 12 అడుగులైతే 47, 10 అడుగులైతే 56 వస్తుంది. ఆ హెర్ట్జ్ దగ్గర, మళ్ళీ దానికి రెట్టింపు దగ్గర గది తనంతట తాను గొంతు కలుపుతుంది. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలో వెడల్పూ ఎత్తూ ఒకటే కాబట్టి 56 దగ్గర రెట్టింపు మోత. ఇక పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 10 అడుగులే అయిన గది ఉంటే అందులో పాటల సెట్టు పెట్టకపోవడమే మేలు. సినిమా పాటల్లో డప్పు దెబ్బ ఒక్కటే ఎందుకు గదిని ఊపేస్తుందో ఇప్పుడు తెలిసిందా?

ఏ మీట ఏం చేస్తుంది?

పది మీటలున్న ఈక్వలైజర్‌ను పోపులపెట్టె అనుకోండి. ఏ గిన్నెలో ఏముందో తెలిస్తేనే కదా చెయ్యి పెట్టేది.

31, 62: గుండెకు తగిలే దెబ్బ. పెద్ద డ్రమ్ములు, సినిమాలో పేలుళ్ళు. గోడ దాటి పక్కింటికి పోయేది ఎక్కువగా ఇదే. చిన్న బ్లూటూత్ స్పీకర్‌కు ఇంత బరువైన ధ్వని పలికే శక్తే ఉండదు. దానికి ఈ మీటలు పెంచితే గరగర తప్ప ఏమీ రాదు.

125: మగవారి గొంతుకు అడుగుభాగం. తబలా, మృదంగాల ఎడమచేతి నాదానికి నిండుదనం ఇక్కడుంటుంది.

250: నిండుదనం ఇచ్చేదీ ఇదే, ముద్ద చేసేదీ ఇదే. ఎక్కువైతే కుండలో తలపెట్టి మాట్లాడినట్టు ఉంటుంది.

500, 1 కె: గొంతుకు ఒళ్ళు. ఎక్కువైతే ముక్కుతో పలికినట్టో, డబ్బాలోంచి వచ్చినట్టో అనిపిస్తుంది.

2 కె, 4 కె: మాట స్పష్టత. మన చెవి అన్నిటికంటే చురుగ్గా ఉండేది ఇక్కడే. అందుకే కాస్త ఎక్కువైనా తలనొప్పి పుట్టిస్తుంది.

8 కె: స, శ, ష అక్షరాల బుస. తాళాలు, మువ్వలు, గజ్జెల మెరుపు.

16 కె: పాటకు గాలి తగిలినట్టుండే పల్చటి మెరుపు. పెద్దవాళ్ళలో చాలామందికి ఇది అసలు వినపడదు.

మీ టీవీలో ఐదే మీటలుంటే దిగులు పడకండి. పక్కపక్కవి కలిపి ఒకటి చేశారని అనుకుంటే సరి.

సరిచేసే పద్ధతి

కావలసినవి: బాగా తెలిసిన మూడు పాటలు (ఒకటి మగ గొంతు, ఒకటి ఆడ గొంతు, ఒకటి వాద్యాలు ఎక్కువున్నది), వార్తలు చదివే ఒక ఛానెల్, ఒక కాగితం, కలం, అరగంట తీరిక.

1. ముందు బాస్ బూస్ట్, సరౌండ్, రాక్, జాజ్ లాంటి పేర్లున్న సెట్టింగులన్నీ తీసేయండి. మీటలన్నీ సున్నా దగ్గర పెట్టండి.

2. ఎక్కువగా వినేవాళ్ళ కుర్చీలో కూర్చోండి. రోజూ పెట్టుకునే సౌండే పెట్టుకోండి. ఒక కుర్చీకి సరిచేసింది ఇంకో కుర్చీకి అంతగా కుదరకపోవచ్చు. ఎవరి కోసం చేస్తున్నామో ముందే తేల్చుకోవాలి.

3. వార్తలు పెట్టి ఒక మీటను 6 వరకు పైకి జరపండి. బాధించే ధ్వని బాగా పెరిగిందా? దొంగ దొరికినట్టే. ఇప్పుడు ఆ మీటను సున్నాకు 3 కిందకు దించండి. పెరగకపోతే సున్నాకు తెచ్చేసి, పక్క మీట చూడండి. సాధారణంగా హాళ్ళలో దొంగ 62కీ 250కీ మధ్య దొరుకుతాడు.

4. దించడానికి 6 దాటకండి. పెంచడానికి 3 దాటకండి.

5. మీటలు దించాక మొత్తం సౌండు కొద్దిగా తగ్గుతుంది. చెవికి పెద్దగా వినపడేదే బాగున్నట్టు తోచే బలహీనత ఉంది. అందుకని వాల్యూమ్ కొంచెం పెంచి, పాతదానికి సమానం చేసి, అప్పుడు పోల్చుకోండి.

6. రెండు మూడు రోజులు అలాగే వదిలేయండి. ఈక్వలైజర్ ఒకసారి ఆపి, మళ్ళీ పెట్టి చూడండి. హాయిగా ఉందనిపిస్తే ఆ అంకెలు కాగితం మీద రాసి టీవీ వెనక అంటించండి. పిల్లలు మీటలు మార్చేసినా మీ కొలత మీ దగ్గరుంటుంది.

పెంచడం కంటే తగ్గించడమే మేలు అని ఎందుకంటున్నామో వినండి. ఒక ధ్వనిని 10 డెసిబెల్స్ పెంచితే మన చెవికి దాదాపు రెట్టింపుగా వినిపిస్తుంది. కానీ అందుకు యంత్రం పదిరెట్లు శక్తి ఖర్చుపెట్టాలి. మీటలన్నీ పైకి తోసేస్తే పాపం ఆ చిన్న పెట్టె ఎక్కణ్ణుంచి తెస్తుంది? గరగరలాడుతుంది, చివరికి స్పీకర్ చినిగిపోతుంది. పైగా గదిలో ఒకచోట ఏదైనా స్వరం వినపడకపోతే, గోడ నుంచి తిరిగొచ్చిన అలా, నేరుగా వచ్చిన అలా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయని అర్థం. అక్కడ ఎంత పెంచినా అంతా కొట్టుకుపోతుంది. దానికి మందు కుర్చీ జరపడమే.

పెద్దవాళ్ళ చెవులకు ఏ కొలత?

అసలు ఈ వ్యాసంలో ముఖ్యమైన మాట ఇది. "అత్తయ్యగారికి వినపడదు, కానీ సౌండు పెంచితే 'అంత గట్టిగా ఎందుకమ్మా' అంటారు" అని చాలామంది కోడళ్ళు విసుక్కోవడం వింటుంటాం. ఆవిడ చాదస్తం కాదది. రెండు మాటలూ నిజమే.

వయసుతో పాటు చెవి ముందుగా పోగొట్టుకునేది సన్నని ధ్వనుల్ని. బరువైనవి చాలాకాలం బాగానే వినపడతాయి. మన మాటల్లో అచ్చులు బరువైనవి, గట్టిగా పలుకుతాయి. హల్లుల్లో చాలావరకు సన్నని, పొట్టి చప్పుళ్ళు. అందువల్ల "పప్పు", "కప్పు", "తప్పు" పెద్దావిడ చెవికి ఒకేలా చేరతాయి. ఏదో అన్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. సౌండు మొత్తం పెంచితే ముందే బాగా వినపడుతున్న దడదడ ఇంకా పెరిగి, ఉన్న కాస్త హల్లునూ మింగేస్తుంది. ఆవిడ "గట్టిగా ఉంది, కానీ అర్థం కావట్లేదు" అనేది అందుకే.

ఇప్పటి పల్చటి టీవీలు దీనికి తోడయ్యాయి. చాలావాటిలో స్పీకర్లు కిందకో వెనక్కో తిరిగి ఉంటాయి. మాట నేరుగా మన వైపు రాకుండా గోడకు తగిలి వస్తుంది. ఖాళీ గోడల గదైతే ఇక చెప్పనక్కరలేదు.

ఇలా చేసి చూడండి. 62, 125 మీటలు 4 కిందకు, 250 మీట 3 కిందకు దించండి. 2 కె, 4 కె మీటలు 3 పైకి జరపండి. పెద్దావిణ్ణి తన కుర్చీలో కూర్చోబెట్టి వార్తలు పెట్టండి. సౌండు మాత్రం పెంచకండి. "ఇప్పుడెలా ఉందండీ అత్తయ్యా?" అని ఆవిణ్ణే అడగండి. మీ చెవికి కాస్త పల్చగా, పదునుగా అనిపించవచ్చు. ఫరవాలేదు, ఈ వంట మీ నోటికి కాదు. చాలా టీవీల్లో మాట స్పష్టంగా వినిపించడానికి స్పీచ్, వాయిస్, డైలాగ్ అనే పేర్లతో ఒక సెట్టింగు కూడా ఉంటుంది. అదీ వేసి చూడవచ్చు. మరీ అవసరమైతే ఆవిడ కుర్చీ పక్కనే ఒక చిన్న స్పీకర్ పెట్టండి. గోడల మోత కలవకముందే మాట చెవిని చేరుతుంది. ఇంటిల్లిపాదికీ సౌండు పెంచాల్సిన పని ఉండదు.

అయితే ఒకటి. ఈక్వలైజర్ వైద్యం కాదు. టీవీలోనే కాదు, ఎదురుగా కూర్చుని మాట్లాడినా పదేపదే అడుగుతున్నారంటే, ఒక చెవి మాత్రమే మందగించిందంటే, చెవిలో హోరు ఉందంటే ఇ.ఎన్.టి. డాక్టరుకు చూపించాలి. గుబిలి అడ్డుపడితే తీసేయడంతోనే తేలిపోవచ్చు. లేదంటే వినికిడి పరీక్ష చేసి మిషను అవసరమో కాదో చెబుతారు. అకస్మాత్తుగా ఒక చెవి వినపడకుండా పోతే మాత్రం రేపు చూద్దాంలే అని ఒక్కరోజు కూడా ఆగకండి.

మాట సరిగ్గా వినపడని మనిషి మెల్లమెల్లగా మాట్లాడటం మానేస్తారు. నలుగురూ నవ్వుతుంటే ఎందుకో తెలియక తన గదిలోకి వెళ్ళిపోతారు. మనం "ఆవిడకు టీవీ మీద ఆసక్తి పోయింది" అనుకుంటాం. మూడు మీటలు కిందకు దించినందువల్ల ఆవిడ మళ్ళీ హాల్లోకి వచ్చి మీ పక్కన కూర్చుంటే అంతకంటే కావలసిందేముంది?

రాత్రివేళ, చిన్నపిల్లల విషయంలో

సౌండు బాగా తగ్గించి వింటే పాట చప్పగా ఉంటుందెందుకని? 1933లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి చూపించారు. ధ్వని చిన్నదైనప్పుడు మన చెవి బరువైన స్వరాలను సరిగా పట్టుకోలేదు. పాత టేప్ రికార్డర్లలో "లౌడ్‌నెస్" అనే బటను ఉండేది ఈ లోటు తీర్చడానికే. కాబట్టి రాత్రి చిన్నగా వినేటప్పుడు 125 మీట కొద్దిగా పెంచుకోవచ్చు. 62 జోలికి మాత్రం వెళ్ళకండి. గోడలు దాటేది అదే.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం మన దేశంలో నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. పక్కింట్లో పసిబిడ్డ ఉండవచ్చు, పరీక్షకు చదివే పిల్ల ఉండవచ్చు. చట్టం మాట అటుంచి, ఇరుగుపొరుగు మాట కూడా ఉంది కదా.

చెవులకు హాని లేకుండా పెద్దలు వారానికి 40 గంటలు వినగల హద్దు 80 డెసిబెల్స్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకైతే 75. అదే 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. ఫోనులో ఉచితంగా దొరికే సౌండ్ మీటర్ ఆప్ ఒకటి పెట్టుకుంటే ఉజ్జాయింపుగా తెలుస్తుంది. అంకె కచ్చితంగా నమ్మకపోయినా, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూసుకోవడానికి పనికొస్తుంది.

తరచు అడిగే సందేహాలు

గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే మోత తగ్గుతుందంటారు, నిజమేనా?

పెద్దగా తగ్గదండీ. అవి మరీ పల్చన. సన్నని ధ్వనుల్లో కొన్నింటిని కాస్త చెదరగొడతాయంతే. థర్మోకోల్ కూడా ధ్వనిని పీల్చుకోదు. పైగా రెండూ ఇట్టే నిప్పంటుకునేవి, దుమ్ము పట్టేవి. వాటికంటే పాత చీరలతో కుట్టిన మందపాటి బొంత ఎంతో మేలు.

ఫోనులోనూ ఈక్వలైజర్ ఉంది, స్పీకర్ ఆప్‌లోనూ ఉంది. ఏది వాడాలి?

ఏదో ఒకటే. రెండుచోట్లా పెంచితే రెండూ కలుస్తాయి. అమ్మ ఒకసారి, అమ్మాయి ఒకసారి పులుసులో ఉప్పు వేసినట్టవుతుంది. ఫోను ఎప్పుడూ మారుతుంటుంది కాబట్టి స్పీకర్‌లోనే సరిచేసి, ఫోనులో సున్నా పెట్టండి.

పాత ఘంటసాల పాటలు వింటుంటే బుస ఎక్కువగా వస్తోంది. ఏం చేయాలి?

1950ల నాటి రికార్డింగుల్లో మరీ బరువైన, మరీ సన్నని ధ్వనులు తక్కువ. లేనిదాన్ని పెంచబోతే రికార్డు గీతల చప్పుడే పెరుగుతుంది. 8 కె, 16 కె మీటలు 3 నుంచి 5 వరకు దించి, 1 కె, 2 కె అలాగే ఉంచండి. గొంతు నిలబడుతుంది, బుస అణుగుతుంది.

వంటింట్లోకి హాలు పాట దడదడగానే వినిపిస్తుంది. వంటింటికి సరిపోయేలా సరిచేయవచ్చా?

గోడలు సన్నని ధ్వనుల్ని ఆపేసి బరువైనవాటినే లోపలికి పంపుతాయి. హాలు మీటలతో దాన్ని దిద్దబోతే హాల్లో పాట పాడవుతుంది. పగలంతా వంటింట్లో ఉండేది మీరే అయినప్పుడు మీకంటూ చిన్న స్పీకర్ ఒకటి అక్కడ అల్మైరాలో, నీళ్ళు, ఆవిరి తగలని చోట పెట్టుకోండి. మీ చెవులూ ఈ ఇంటి చెవులే కదా!

ఈ ఆదివారం చేయవలసినవి

చప్పట్లతో పరీక్ష. సోఫా అడుగు ముందుకు. నేల మీద జంపఖానా, కిటికీకి మందపాటి కర్టెన్. మీటలన్నీ సున్నా. బాధించే మీటను వెతికి 3 కిందకు. పెద్దవాళ్ళను వాళ్ళ కుర్చీలో కూర్చోబెట్టి వాళ్ళనే అడగడం. అంకెలు రాసి అంటించడం. ఇన్నీ చేశాక కూడా బాగాలేకపోతే అప్పుడు కొత్త సెట్టు సంగతి ఆలోచించవచ్చు. చాలా ఇళ్ళలో ఆ అవసరమే రాదు.